తొమ్మిదంగల దూరం

"ఆగవే!" అన్న కేక తాయారుకి వినపడింది.

ఈ ఒక్క ముక్కా ఎనిమిది నెలలుగా ఆమె ఎవరితోనూ అనలేదు. అమ్మతో అనలేదు, కుట్లు వేసిన డాక్టరుతో అనలేదు, ఒంటరిగా ఉన్నప్పుడు తనలో తను కూడా పైకి అనుకోలేదు. కేక వినపడింది. అప్పటికి కత్తి ఇంకా చేతిలోనే ఉంది. అయినా వదిలేసింది.

ఎందుకు వదిలిందంటే, ఆ రోజు అన్నీ దిగుతున్నాయి మరి! పదకొండు విసిరితే పదకొండూ దిగాయి. పెరట్లో పక్కపక్కన రెండు బూరుగు మొద్దులు. ఎడమ మొద్దులో దిగబడ్డ కత్తిని సువార్త ఊపి ఊపి లాగుతోంది. కుడి మొద్దు ఖాళీగానే ఉంది కదా. చెయ్యి అప్పటికే పైకి లేచింది. పన్నెండోదీ దిగిందంటే డజను! సువార్త తలతిప్పి చూసి కేక వేసింది. కత్తి వెళ్ళి మొద్దుకి బల్లపరుపుగా తగిలి, ఎగిరి పక్కకి పడింది. పడ్డది సువార్త కుడిచేతి మీద.

చూపుడువేలు తెగలేదు. కానీ ఆనాటి నుంచీ ఆ వేలు వంగదు.

సువార్త చిన్నప్పటి స్నేహితురాలు. మగ్గం వర్కు చేసేది. ఆమె కుట్టిన పెళ్ళి జాకెట్ల కోసం అమలాపురం నుంచి కూడా వచ్చేవారు. వేలు వంగకపోతే సూది నిలవదు. మగ్గం అటకెక్కించి, కాకినాడలో ఒక బట్టల కొట్లో చీరలు మడతపెట్టే పనికి వెళ్ళిపోయింది.

అన్నిటికన్నా తాయారుకి మింగుడుపడనిది ఇంకోటుంది. ఆ రోజు ఆస్పత్రి బల్ల మీద పడుకుని, అందరికీ సంజాయిషీ చెప్పింది కూడా సువార్తే. "పాపం దాన్నేం అనకండి. అప్పుడే రోడ్డు మీద లారీ హారన్ కొట్టుకుంటా పోయింది. దానికి వినపడలేదు."

తాయారు తల ఊపింది. అంతే. ఆ ఊపిన తలే ఈ ఎనిమిది నెలలూ బరువుగా ఉంది. సువార్త ఫోన్ చేస్తే ఎత్తేది కాదు. తరవాత "పనిలో ఉన్నానే" అని మెసేజ్ పెట్టేది. కొన్నాళ్ళకి ఆ ఫోన్లూ రావడం మానేశాయి.

కత్తులు మాత్రం మానలేకపోయింది.

తాయారుకి ఏ విద్యా ఒకరు నేర్పింది కాదు. మోటారుసైకిలు తనే నేర్చుకుంది, ఫోన్లు విప్పి బాగుచెయ్యడం తనే నేర్చుకుంది, ఆరు నెలలు హార్మోనియం కూడా వాయించి పక్కన పడేసింది. ఏదీ పట్టుమని ఏడాది నిలవలేదు. కత్తులొక్కటే మూడేళ్ళు నిలిచాయి. నాన్నకి అంబాజీపేట రోడ్డు మీద కొబ్బరిబొండాల బండి. ఇంటినిండా పాత కత్తులే. వాటిలో ఒక్కటీ విసరడానికి చేసింది కాదు. బొండాల కత్తి బరువంతా ముందుకే ఉంటుంది, చేతిలోంచి జారగానే గేదెలా అడ్డం తిరుగుతుంది. మామిడికాయలు కొట్టే కత్తి దానికన్నా మొండిది. విసరడానికని చేసే సన్నకత్తులు వీడియోల్లో చూసింది గానీ, "పుల్లలు విసిరినట్టుంటాది" అని పెదవి విరిచింది.

ఆ మొండి ఇనుము గాల్లో ఒక పల్టీ కొట్టి, ముక్కు ముందుకొచ్చి, "టక్" మని మొద్దులో దిగుతుంది చూడండి! ఆ చప్పుడికి ఆమె ఒళ్ళంతా ఝల్లుమనేది. అయిదంగల దూరానికి ఒక పల్టీ. అది చేతిలోకి వచ్చేసింది. తొమ్మిదంగల దూరం నుంచి రెండు పల్టీలు వేయించాలని ఆమె కోరిక. అది మాత్రం ఎంతకీ పడటం లేదు.

తొమ్మిదంగల నుంచి విసిరే మనిషి ఒకాయన ఉన్నాడని బొండాలు దింపేవాళ్ళు చెప్పారు. ముక్తేశ్వరం వెళ్ళే దారిలో కొలిమి. అప్పలాచారి. ఆ చుట్టుపక్కల బొండాల కత్తులన్నీ ఆయన కొట్టినవే. డెబ్భై ఏళ్ళ మనిషి, చేసిన ప్రతి కత్తినీ అమ్మేముందు ఓసారి విసిరి చూస్తాడట. అవసరం ఉండి కాదు, సరదా.

మర్నాడు పొద్దున్నే తాయారు బండి కొలిమి ముందు ఆగింది.

ఆచారి గుమ్మంలో కూర్చుని కత్తి పిడికి రాగితీగ చుడుతున్నాడు. భార్య నరసమ్మ బొగ్గులు ఏరుతోంది. తాయారు వరసగా పెట్టిన కత్తుల్లో ఒకటి తీసి తూచినట్టు చేతిలో ఆడించింది.

"నువ్వు కొనడానికి రాలేదు," అన్నాడు ఆచారి, తల ఎత్తకుండా.

"మీకెలా తెలుసండీ?"

"కొనేవాళ్ళు అంచు చూస్తారు. నువ్వు బరువెటుందో చూస్తున్నావు."

తాయారుకి నవ్వొచ్చింది. "విసరడం నేర్పుతారాండీ?"

నరసమ్మ బొగ్గుల చేత్తోనే నెత్తి కొట్టుకుంది. "హవ్వ! ఈ ముసలాడికి తోడు నువ్వొకత్తివా! పెళ్ళయిన కాణ్ణించీ చూస్తన్నా, చేసిందల్లా గిరాటేస్తేగానీ అన్నం దిగదు ఈయనకి. ఎవరమ్మాయివే నువ్వు?"

"బొండాల బండి ప్రసాదరావు గారి అమ్మాయినండీ."

"మీ నాన్నకి తెలుసా?"

"కత్తులు తగ్గుతున్నాయని తెలుసండీ. ఎందుకు తగ్గుతున్నాయో తెలీదు."

ఆచారి పెదవి చివర కొంచెం కదిలింది. కొలిమి వెనక ఖాళీ జాగాలో ఓ మొద్దు నిలబెట్టి ఉంది. అటు చూపించాడు.

తాయారు అయిదంగలు కొలుచుకుంది. మూడు కత్తులు. టక్. టక్. టక్. మూడూ ఒక అరచేతి వెడల్పులో దిగాయి. మెచ్చుకుంటాడని వెనక్కి తిరిగి చూసింది.

"ఎవరు నేర్పారు?"

"ఎవరూ నేర్పలేదండీ. నేనే నేర్చుకున్నా."

"తెలుస్తోంది," అన్నాడాయన.

అది మెప్పో ఎత్తిపొడుపో తాయారుకి అర్థం కాలేదు.

ఆచారి లేచి, పంచె బిగించి, తొమ్మిదంగల దగ్గర నిలబడ్డాడు. చెయ్యి పెద్దగా ఊపలేదు. ఎవరికో ఏదో అందించినట్టు కత్తిని వదిలాడు. రెండు పల్టీలు. టక్! ఇంకోటి. టక్! మూడోది మొదటి రెంటికీ మధ్యన. తాయారు చిన్నపిల్లలా గెంతి చప్పట్లు కొట్టింది. "అబ్బ! తాతగారండీ! నేను తెస్తానుండండి!" అని కత్తుల కోసం పరిగెత్తబోయింది.

ఆచారి చెయ్యి అడ్డం పెట్టాడు. "విసిరినవాడే తెచ్చుకోవాలి. ఇక్కడ అంతే."

నెమ్మదిగా నడిచి వెళ్ళి, ఒక్కోటీ లాగి, నెమ్మదిగా నడిచి వచ్చాడు. "మీ ఇంట్లో ఎవరు తెచ్చేవారు?"

తాయారు గొంతు ఏమాత్రం తడబడలేదు. చాలామందికి చాలాసార్లు చెప్పి ఉంది. "నా ఫ్రెండు తెచ్చేదండీ, సువార్తని. ఓసారి ఎగిరొచ్చి దాని వేలికి తగిలింది. ఆగమని అరిచిందంట గానీ, లారీ హారన్లో నాకు వినపడలేదండీ. ఇప్పుడు కాకినాడలో ఉంటోంది."

"వేలు?"

"వంగదండీ."

ఆచారి కత్తుల్ని గుడ్డతో తుడిచాడు. మూడోదాన్ని తుడవడానికి చాలాసేపు పట్టింది.

"రేపట్నించి రా," అన్నాడు. "సమ్మెట కొట్టు. సమ్మెట ఆపడం వచ్చాక తొమ్మిదంగల సంగతి చూద్దాం."

"కొట్టడం వచ్చాకా అండీ?"

"ఆపడం వచ్చాక."

మర్నాటి నుంచి తాయారు సమ్మెట పట్టుకుంది. ఎనిమిది కిలోల ఇనుము, మూరల కొద్దీ కర్ర. కొలిమిలో పని ఇద్దరిది. ఆచారి ఎడంచేతి పటకారుతో ఎర్రటి ఇనుమును దాగలి మీద పెట్టి పట్టుకుంటాడు. దాగలంటే ఇనప దిమ్మ. కుడిచేతిలో చిన్న సుత్తి. ఇనుము మీద ఆ సుత్తి ఎక్కడ తాకితే అక్కడ సమ్మెట పడాలి. మాటలుండవు. సుత్తి, సమ్మెట, సుత్తి, సమ్మెట. సుత్తి ఇనుము మీద కాక పక్కన ఉత్త దాగలి మీద "టింగ్" అన్నదంటే, ఆగాలి. సమ్మెట నెత్తి మీద ఉన్నా సరే, సగం దారిలో ఉన్నా సరే, పక్కకి మళ్ళించి నేల మీదికి వదిలెయ్యాలి.

ఎందుకాగాలో నరసమ్మ చెప్పింది. "టింగన్నాక ఆయన చెయ్యి లోపలికి, సమ్మెట కిందికొస్తాదే. ఇనుం తిప్పుకోవాలిగా."

మొదటిరోజు పదో దెబ్బకే తాయారుకి ఊపొచ్చేసింది. నిప్పురవ్వలు ఎగురుతున్నాయి, ఇనుము మైనంలా సాగుతోంది, భుజాల్లో ఎక్కడ లేని బలం. సుత్తి, సమ్మెట! సుత్తి, సమ్మెట! టింగ్. సమ్మెట!

పడింది. సాగుతున్న కత్తి నడుం దగ్గర చప్పిడిగా అయిపోయింది. ఆచారి చెయ్యి పటకారు పిడి మీదే ఉంది, ఇంకా లోపలికి రాలేదు. ఎందుకో ఆ రోజు ఆయన చెయ్యి కాస్త ఆలస్యంగానే కదులుతోంది.

"ఏవమ్మా," అంది నరసమ్మ, "మీ నాన్న బండి మీద బొండం అనుకున్నావా?"

ఆచారి పాడైన ఇనుమును ఎత్తి అటూ ఇటూ చూసి, మళ్ళీ నిప్పుల్లో దోపాడు.

రెండో వారానికి అరచేతుల్లో బొబ్బలు చితికాయి. మూడో వారానికి పది టింగుల్లో ఏడింటికి ఆగగలిగింది. కొట్టడం సుళువు, బరువు తనంతట తనే పడుతుంది. పడబోయే బరువుని మళ్ళించడమే చేతకాదు. నడుం తిప్పాలి, మోకాలు వదలాలి, అన్నిటికన్నా ముందు చెవి మేలుకుని ఉండాలి. ఇంటికెళ్ళి అన్నం తింటుంటే అమ్మ గరిటె గిన్నెకి తగిలి "టింగ్" మన్నా తాయారు చెయ్యి ముద్దతో సహా గాల్లో ఆగిపోయేది. "దీనికేదో అయింది," అని అమ్మ నాన్నతో అంది.

అయిదో వారం దాటేసరికి ఒక్కటీ తప్పడం లేదు. అబ్బ, ఏం రోజులవి! పొద్దున్న లేవగానే కాళ్ళు కొలిమి వైపే లాగేవి. మూడేళ్ళు ఒక్కతే తడుముకున్న మనిషికి, ఇద్దరు కలిసి ఒక్క చప్పుడు చెయ్యడం ఎలా ఉంటుందో మొదటిసారి తెలిసింది. ఆచారి సుత్తికి ఆమె సమ్మెట జవాబిస్తుంటే, దారిన పోయేవాళ్ళు సైకిళ్ళు దిగి చూసేవారు.

ఆ శుక్రవారం వంతెన దగ్గర ఏదో మరమ్మతు. కొబ్బరికాయల లారీలు కొలిమి ముందు దాకా నిలిచిపోయాయి. ఒకడు హారన్ మీద నుంచి చెయ్యి తీయడం లేదు. వాడికి పోటీగా వెనకవాడు. మధ్యలో ఎన్నికల ప్రచారం ఆటో ఇరుక్కుపోయి, మైకులో ఒకే పాట తిప్పి తిప్పి వేస్తోంది. లోపల నిప్పులకి గాలి కొట్టే బ్లోయరు హోరు. నరసమ్మ చెవుల్లో కొంగు కుక్కుకుంది.

"ఇయ్యాల మానేద్దామేంటి?" అని అరిచింది.

"వద్దండీ!" అని తాయారు అంతకన్నా గట్టిగా అరిచింది. సమ్మెట భుజానికెత్తుకుంది. "ఎంత గోలైనా నేనాగుతా. కావాలంటే చూస్కోండి తాతగారూ!"

ఆచారి ఆమె వైపు ఓసారి చూసి, ఇనుము దాగలి మీద పెట్టాడు.

సుత్తి, సమ్మెట. సుత్తి, సమ్మెట. టింగ్. ఆగింది.

మళ్ళీ మొదలు. ఈసారి ఆయన సుత్తితో కాకుండా సుత్తి కర్ర చివరతో దాగలిని తట్టాడు. ఆగింది! లారీవాడు హారన్ ఇంకా నొక్కుతున్నాడు. మళ్ళీ. పటకారు అంచుతో గీరాడు. సమ్మెట నెత్తి మీద నుంచే పక్కకి మళ్ళింది. "ఇంకా చిన్నగా కొట్టండి తాతగారూ! ఇంకా చిన్నగా!" తాయారు మొహం ఎర్రబడి, చెమటతో మెరిసిపోతోంది. కళ్ళు ఎర్రటి ఇనుము మీద నుంచి తిప్పడం లేదు.

సుత్తి, సమ్మెట. సుత్తి, సమ్మెట. ఆచారి సుత్తి కింద పెట్టేసి, బొడ్లోంచి ఒక చిన్న మేకు తీశాడు. పిడికి కొట్టే మేకు, చిటికెనవేలి గోరంత. సమ్మెట గాల్లోకి లేవగానే ఆ మేకుని దాగలి మీదికి జారవిడిచాడు.

సమ్మెట దారి మళ్ళి, దుమ్ము లేపుకుంటూ నేల మీద పడింది.

"ఓరి దీని దుంపతెగ!" అంది నరసమ్మ, చెవిలోంచి కొంగు లాగేసి.

తాయారు సమ్మెట వదిలేసి రెండు చేతులూ పైకెత్తి గెంతింది. "చూశారా! చూశారా! మేకు! మేకండీ!"

ఆచారి నెమ్మదిగా ఒంగి ఆ మేకు ఏరుకున్నాడు. "ఇంత గోలలో వినపడిందా?"

"వినపడిందండీ!"

"లారీలు అడ్డం రాలేదూ?"

"లారీలు ఎందుకడ్డమొస్తాయండీ? హారన్ దారి హారన్‌ది. మనకి అసలు వినాలని ఉంటే—"

మాట మధ్యలో తాయారు ఆగిపోయింది.

బయట హారన్ మోగుతూనే ఉంది. ఆచారి ఆమె మొహంలోకి చూడలేదు. మేకుని బొడ్లో దోపుకున్నాడు. గోడకి వేలాడుతున్న వాటిలోంచి అన్నిటికన్నా బరువైన కత్తి, మామిడికాయల కత్తి, దించి పిడి ఆమె వైపు తిప్పి అందించాడు.

"ఆపడం వచ్చింది నీకు," అన్నాడు. "వెళ్ళు. తొమ్మిదంగలు. విసురుకో."

ఆయన వెళ్ళి గుమ్మంలో కూర్చుని చుట్ట వెలిగించుకున్నాడు.

తాయారు వెనక జాగాలోకి నడిచింది. తొమ్మిదంగలు కొలుచుకుంది. పొద్దున్నే నీళ్ళు కొట్టిన బూరుగు మొద్దు నున్నగా, చల్లగా ఎదురుగా నిలబడి ఉంది. ఏళ్ళ తరబడి కోరుకున్న దూరం. చేతిలో కోరుకున్న బరువు. మణికట్టు తనంతట తనే కత్తి బరువెటుందో వెతుక్కుంది, దొరికించుకుంది. ఇప్పుడు విసిరితే దిగుతుందని ఆమెకి తెలుసు. రెండు పల్టీలూ కళ్ళకి కట్టినట్టు కనిపిస్తున్నాయి.

చెయ్యి సగం లేచింది. అక్కడే నిలిచిపోయింది. ఎవరూ దేన్నీ తట్టలేదు.

గుండె మాత్రం మొద్దులో కత్తి దిగే ముందు ఎలా కొట్టుకుంటుందో అలా కొట్టుకుంటోంది. భయమూ ఉంది, దాన్ని తోసుకుంటూ ఇంకేదో కూడా ఉంది. పరిగెత్తాలనిపించేదేదో.

కత్తిని నేల మీద, కాళ్ళకి దూరంగా, అంచు అవతలికి తిప్పి పెట్టింది. అరచేతులు లంగాకి తుడుచుకుంది. మసి పోలేదు.

నరసమ్మ టీ గ్లాసుతో వచ్చి చూసింది. "ఏవే, ఇన్నాళ్ళూ దీని కోసమే కదా ప్రాణం తీశావు. విసరవేంటి?"

"ఆగండి నరసమ్మగారూ." తాయారు ఫోన్ తీసింది. పేరు వెతకక్కర్లేకపోయింది, నంబరు నోటికే వచ్చు. "ముందు ఒకళ్ళకి ఫోన్ చెయ్యాలి."

"ఎవరికే?"

"సువార్తకి."